దీవి రోగికి ఒక పేజీ సూచనలు చాలవు

కొలొనోస్కోపీ చేయించుకోబోయే రోగి చేతికి ఆసుపత్రులు ఇచ్చే సూచనల పత్రం సాధారణంగా ఒక పేజీకి మించదు. రెండు మూడు రోజుల ముందు నుంచి పీచు, గింజలు ఉన్న ఆహారం మానాలి. ముందు రోజంతా తేటగా ఉండే ద్రవాలు మాత్రమే తీసుకోవాలి. సాయంత్రం రెండు లీటర్ల భేది మందులో సగం, తెల్లవారుజామున మిగతా సగం తాగాలి. ఆ తరువాత పరీక్ష అయ్యే వరకు ఏమీ ముట్టరాదు. తోడుగా ఒకరు రావాలి. ఆ పత్రంలో తప్పేమీ లేదు. అయితే దానిని ఎవరిని ఊహించుకుని రాశారన్నదే ప్రశ్న. ఆసుపత్రికి అరగంట దూరంలో కాపురముండి, ఇంట్లో సొంత మరుగుదొడ్డి కలిగి, రక్తంలో చక్కెర సక్రమంగా ఉండి, రాత్రి గురక లేకుండా నిద్రపోయే మనిషిని ఊహించుకుని రాశారు. అటువంటి మనిషి దేశంలోనే అరుదవుతున్నాడు. అండమాన్ నికోబార్ దీవుల్లో అతడిని వెతికి పట్టుకోవడం మరీ కష్టం.

దేశంలో మధుమేహ రోగుల సంఖ్య 10 కోట్లు దాటిందని, వయోజనుల్లో వారు 11.4 శాతమని 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకటించింది. ఆ అంకె పత్రికల మొదటి పేజీలకెక్కింది. లక్షా పదమూడు వేల మందిని పరీక్షించి తీసిన ఆ లెక్కలో అండమాన్ లేదు. రాష్ట్రాలన్నిటినీ, ఢిల్లీనీ, ప్రధాన భూభాగంలోని రెండు కేంద్రపాలిత ప్రాంతాలనూ చుట్టిన ఆ అధ్యయనం సముద్రం దాటలేదు. సముద్రం దాటిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పింది? 2019-21 నాటి అయిదవ సర్వే ప్రకారం అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్న పురుషుల నిష్పత్తి దేశం మొత్తం మీద ఈ దీవుల్లోనే అత్యధికం, 45 శాతం. బరువు ఉన్న ప్రతివాడికీ నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉంటుందని కాదు. కానీ ఆ జబ్బుకు బరువును మించిన పొరుగు లేదు. పనిచేసే వయసులోని భారతీయుల్లో 10 కోట్ల మందికి పైగా దానితో బాధపడుతున్నారని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లోనే అంచనా కట్టారు. వారిలో అత్యధికులకు ఆ సంగతి తెలియదు. తెలుగు ఇళ్లలో గురక జబ్బు కాదు, హాస్యం.

ఈ రెండు జబ్బులూ ఉన్న మనిషికి మలంలో రక్తం కనబడిందనుకుందాం. అతడు జంగ్లీఘాట్ రేవులో వలలు లాగి విశ్రాంతి తీసుకున్న శ్రీకాకుళం మూలాల వృద్ధుడు కావచ్చు, ప్రభుత్వ శాఖలో పదవీ విరమణ చేసిన గుమాస్తా కావచ్చు. వైద్యుడు కొలొనోస్కోపీ అవసరమన్నాడు. సరిగ్గా ఇక్కడే పాలనాయంత్రం తన బాధ్యత తీరిందనుకుంటుంది. రోగికి ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది.

ముందు చక్కెర సంగతి. మధుమేహికి ఏళ్ల తరబడి నూరిపోసిన పాఠం ఒక్కటే: తీపి ముట్టవద్దు. కొలొనోస్కోపీ ముందు రోజు ఆ పాఠం తలకిందులవుతుంది. అన్నం లేదు, రొట్టె లేదు, పప్పు లేదు. అలవాటుగా ఉదయం వేసుకున్న గ్లిమెపిరైడ్ వంటి మాత్ర మాత్రం కడుపు ఖాళీగా ఉందని తెలుసుకోదు, తన పని తాను చేసుకుపోతుంది. ఇంట్లోవారు ప్రేమతోనే, 'షుగరు ఉన్న మనిషికి పంచదార నీళ్లేమిటి' అని మంచినీళ్లు మాత్రమే ఇస్తారు. సాయంత్రానికి చెమటలు, వణుకు, మాట తడబాటు. భేది మందు వల్ల నీరసమనుకుని పడుకోబెడతారు. నిజానికి ఆ రోజు తాగే ద్రవాల్లో కొంత తీపి ఉండి తీరాలి. రెండు మూడు గంటలకొకసారి గ్లూకోమీటరుతో చూసుకోవాలి. 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి పావుగంట తరువాత మళ్లీ చూడాలి. ఈ దీవుల్లో కొబ్బరికి కొరత లేదు. ఆ రోజుకు కొబ్బరినీళ్లే భోజనం. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మాత్రం అందులోని పొటాషియం హాని చేస్తుంది కనుక వారు అడిగి తాగాలి. ఎర్రని, ఊదా రంగు పానీయాలు పనికిరావు. పేగులో అవి రక్తంలా కనిపించి వైద్యుడిని పొరబెడతాయి. ఇంత చెప్పడానికి అర పేజీ చాలు. ఆ అర పేజీయే ఉండదు.

మాత్రల్లో కొత్తరకం ప్రమాదం మరొకటి వచ్చి చేరింది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు భారతదేశంలో 2020 అక్టోబరులో ముగిసింది. ధర పడిపోయింది. సామాన్యుడికి అందిన మంచి మందుల్లో అదొకటి, గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేసే మందు. అయితే ఆ కుటుంబానికి చెందిన మాత్రలను శస్త్రచికిత్సకు మూడు రోజుల ముందే, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే నాలుగు రోజుల ముందే ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లోనే హెచ్చరించింది. పేగు శుభ్రపరచడానికి చేసే ఉపవాసానికీ అదే జాగ్రత్త వర్తిస్తుంది. ఆపకుండా పస్తుంటే రక్తం ఆమ్లమయం కావచ్చు. దుర్మార్గమేమిటంటే అప్పుడు గ్లూకోమీటరు దాదాపు మామూలు అంకెనే చూపించవచ్చు. వాంతులు, ఆయాసం మొదలైనా 'షుగరు బాగానే ఉంది' అని అందరూ ధైర్యం చెప్పుకుంటారు. చవకైన మాత్ర దీవికి చేరింది, దానిని ఎప్పుడు ఆపాలన్న మాట చేరలేదు. మెట్‌ఫార్మిన్ ఎప్పుడు మానాలి, దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఎంత తగ్గించాలి అన్నవి రోగిని బట్టి మారే విషయాలు. ఇన్సులిన్‌ను భయపడి పూర్తిగా మానేయడమూ ప్రమాదమే. వాటిని వైద్యుడు పేరు పేరునా, తేదీ తేదీకీ రాసి ఇవ్వాలి. 'షుగరు మందులు ఆపండి' అన్న ఒక్క వాక్యం సూచన కాదు, చేతులు దులుపుకోవడం.

ఇక నిద్ర సంగతి. కొలొనోస్కోపీకి సాధారణంగా మత్తు ఇస్తారు. మిడజోలమ్, ఫెంటానిల్, ప్రొపోఫాల్ వంటి మందులు గొంతులోని కండరాలను సడలించి ఊపిరి తీసుకోవాలన్న మెదడు ప్రేరణను మందగింపజేస్తాయి. స్లీప్ ఆప్నియా ఉన్నవాడి గొంతు మామూలు నిద్రలోనే మూసుకుపోతుంది. మత్తు నిద్రలో దానిని తెరిచే మెలకువ రాదు. పైగా పరీక్ష ముందు రాత్రి అతడు నిద్రపోయి ఉండడు. భేది మందు పదిసార్లు లేపుతుంది. శ్వాసకు తోడ్పడే సీపాప్ యంత్రం ఉన్నవాడు కూడా ఆ రాత్రి దానిని తగిలించుకోవడం, తీయడం విసుగై పక్కన పెట్టేస్తాడు. తెల్లవారుజామున రెండో విడత మందు. అంటే నిద్రలేమితో అలసిన, యంత్రం వాడని, కడుపు ఖాళీ అయిన మనిషికి ఉదయాన్నే మత్తు ఇస్తారు. ఇన్ని కలిసివచ్చే రోజు అతడి జీవితంలో మరొకటి ఉండదు.

దీనికి విరుగుడు అంతరిక్ష శాస్త్రం కాదు. టొరంటో మత్తు వైద్యులు 2008లో ప్రచురించిన 'స్టాప్-బ్యాంగ్' ప్రశ్నావళిలో ఎనిమిదే ప్రశ్నలు: గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడాన్ని ఎవరైనా చూశారా, రక్తపోటు, బరువు, వయసు, మెడ చుట్టుకొలత, పురుషుడా స్త్రీయా. ఒక కొలత టేపు, రెండు నిమిషాలు చాలు. మూడో ప్రశ్నకు జవాబు రోగి దగ్గర ఉండదు, పక్కన పడుకునే భార్య దగ్గర ఉంటుంది. ఆమెను లోపలికి పిలిచి అడగాలి. అనుమానం ఉంటే మత్తు వైద్యుడు దగ్గర ఉండాలి, మత్తు తగ్గించాలి, రోగి తన సీపాప్ యంత్రాన్ని వెంట తెచ్చుకోవాలి, పరీక్ష తరువాత ఎక్కువసేపు పరిశీలనలో ఉంచాలి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు ఒక్కటే చాలదు. ముక్కు దగ్గర ప్రాణవాయువు ఇస్తున్నప్పుడు ఊపిరి ఆగిన సంగతిని అది ఆలస్యంగా చెబుతుంది. విడిచే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూసే క్యాప్నోగ్రఫీ ముందే చెబుతుంది. అసలు మత్తు లేకుండానే పరీక్ష చేయించుకునే మార్గమూ ఉంది. నార్వేలో ఎందరో అలాగే చేయించుకుంటారు. కొంత నొప్పి భరించాలి, నేర్పుగల చేయి కావాలి. స్లీప్ ఆప్నియా రోగికి ఆ ఎంపిక ఉందని చెప్పేవారెవరు?

ప్రధాన భూభాగంలోని నగరంలో ఈ లోపాలు చాలావరకు దూరం తక్కువ కావడం వల్ల కప్పబడిపోతాయి. కళ్లు తిరిగితే ఆటో ఎక్కి ఆసుపత్రికి పోవచ్చు. దీవుల్లో దూరమే రెండో జబ్బు. ఉత్తరాన డిగ్లీపూర్ నుంచి రోడ్డు మీద రావలసిన రోగిని తీసుకోండి. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద మిడిల్ స్ట్రెయిట్ నుంచి జిర్కాటాంగ్ వరకు, దాదాపు 50 కిలోమీటర్లు, జారవాల అభయారణ్యం. అక్కడ వాహనాలు నిర్ణీత వేళల్లో బారులుగా, పోలీసు రక్షణలో సాగుతాయి. మధ్యలో ఆగడం నిషిద్ధం. ఆ నిషేధం సరైనది. జారవాల బతుకును వినోదయాత్రగా మార్చిన చరిత్ర తెలిసినవారెవరూ దానిని తప్పుపట్టరు. కానీ మొదటి విడత భేది మందు ఇంట్లో తాగి బయలుదేరమని రోగికి చెప్పే పత్రం ఆ రోడ్డును ఎన్నడూ చూడలేదు. దక్షిణాన క్యాంప్‌బెల్ బే నుంచి రావలసినవాడికి 500 కిలోమీటర్లకు మించిన సముద్రం ఉంది. హెలికాప్టరులో సీటు దొరకడం, వాతావరణం అనుకూలించడం అతడి చేతిలో లేవు. ఓడ ఒక రోజు ఆలస్యమైతే అతడి ఉపవాసం ఒక రోజు పెరుగుతుంది, లేదా పరీక్ష రద్దవుతుంది. మళ్లీ మొదటి నుంచి మందు, మళ్లీ పస్తు.

ప్రధాన భూభాగానికి రిఫర్ చేస్తే? చెన్నైకి విమానంలో రెండుంబావు గంటలు. విమానం కొనలేనివాడికి చెన్నైకో విశాఖకో ఓడలో రెండున్నర రోజులు, అదీ రోజూ దొరికే ప్రయాణం కాదు. సీపాప్ యంత్రాన్ని తగిలించడానికి బంక్ పక్కన ప్లగ్గు ఉందో లేదో ఎవరూ ముందుగా చెప్పరు. ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు రక్షణ ఉంది. అది మంచిదే. కానీ బయటి రోగిగా చూపించుకునే ఖర్చుకు ఆ పథకం వర్తించదు. ఆసుపత్రి వీధిలో రెండు రాత్రులకు లాడ్జి గది వెతుక్కోవలసింది రోగే. ఆ లాడ్జిలో ఉమ్మడి మరుగుదొడ్డి ముందు వరుసలో నిలబడి భేది మందు తాగే మధుమేహి ప్రభుత్వ పథకాల ప్రకటనల్లో ఎక్కడా కనిపించడు.

పాలకులకు ఈ దీవులు కనబడటం లేదని అనలేము. కనబడుతున్నది మనుషులు కాదు, పటం. 2001లో త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఇక్కడే ఏర్పడింది. 2018లో రాస్, నీల్, హేవ్‌లాక్ దీవుల పేర్లు మారాయి. 2023 జనవరిలో 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. ఆ ఏడాది జులైలో సుమారు 710 కోట్లతో కట్టిన విమానాశ్రయ భవనం ప్రారంభమైంది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయర్ శ్రీ విజయపురం అయింది. గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం కలిపి వేసిన పథకానికి తొలి అంచనా 72 వేల కోట్లు, దానికి 2022లోనే పర్యావరణ అనుమతి వచ్చింది. నేటికి దాదాపు 8 వేల మంది ఉన్న ఆ దీవికి లక్షల మందిని తెస్తామంటున్నారు. వచ్చే లక్షల మందికి పేగులు, మూత్రపిండాలు, గొంతులు ఉంటాయన్న సంగతి ఆ ప్రణాళికా రచయితలకు గుర్తుండాలని కోరుకోవడం అత్యాశ కాకూడదు. పేరు మార్చడం తప్పని వాదించనక్కరలేదు. పేరు మార్చడానికి పట్టిన శ్రద్ధలో పదో వంతు ఒక సూచనల పత్రాన్ని మార్చడానికి పట్టలేదన్నదే ఇక్కడి అభియోగం.

దీనికి వచ్చే మొదటి జవాబు జనాభా. 2011 లెక్కల్లో 3 లక్షల 80 వేల మంది, ఇంత తక్కువ మందికి ప్రత్యేక ఏర్పాట్లా అని. వ్యూహాత్మక ప్రాముఖ్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ తక్కువ జనాభా ఎవరికీ అడ్డురాదు. వైద్యం దగ్గరే అది గుర్తుకొస్తుంది. రెండో జవాబు, ఇది వైద్యుడికీ రోగికీ మధ్య వ్యవహారమని. మత్తు వైద్యుల పోస్టులు మంజూరు చేసేది రోగి కాదు. ఓడల వేళలు నిర్ణయించేది వైద్యుడు కాదు. ఈ దీవులకు శాసనసభ లేదు, రాజ్యసభలో ప్రతినిధి లేడు. లోక్‌సభలో ఒకే ఒక్క సభ్యుడు. ఆరోగ్యశాఖ లెఫ్టినెంట్ గవర్నర్ పాలన కింద నడుస్తుంది, ఆయన కేంద్రానికి జవాబుదారు. అడగడానికి ఎమ్మెల్యే కూడా లేని చోట 'ఇది వ్యక్తిగత విషయం' అనడం అడిగే దారిని పూర్తిగా మూసేయడమే.

మూడో వాదనలో కొంత న్యాయముంది. ప్రతివాడికీ కొలొనోస్కోపీ ఎందుకు, లక్షణాలు లేనివారికి మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే చిన్న పరీక్ష చాలదా అని. చాలావరకు చాలుతుంది. రవాణా కష్టమైన దీవులకు అదే తెలివైన మార్గం. కిట్టును ఆరోగ్య కార్యకర్త ఇంటికే తీసుకెళ్లవచ్చు, రక్తం కనబడినవారే పెద్ద పరీక్షకు వస్తారు. కానీ జాతీయ కార్యక్రమంలో ప్రభుత్వం వెతికేది నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లనే. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. అందువల్ల ఈ వాదన ప్రభుత్వానికి రక్షణ కాదు, మరో అభియోగం. కంటికి కనబడేలా రక్తం పోతున్నవాడికి ఎలాగూ కొలొనోస్కోపీయే కావాలి.

చేయవలసినవి పెద్ద పనులు కావు. జి.బి. పంత్ ఆసుపత్రి ఉంది, 2015 నుంచి దానికి తోడు వైద్య కళాశాల ఉంది. చెన్నై నుంచి 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్‌ను 1,224 కోట్లతో వేసి 2020 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించారు. కార్ నికోబార్, కామోర్టా, క్యాంప్‌బెల్ బే వరకు అది చేరింది. టెలీ వైద్యం దాని ప్రయోజనాల్లో ఒకటని ప్రభుత్వమే చెప్పుకుంది. ఆ తీగ మీద పరీక్షకు వారం ముందు మత్తు వైద్యుడు రోగితోనూ, రోగి భార్యతోనూ పదిహేను నిమిషాలు మాట్లాడవచ్చు. మందుల సంచీని కెమెరా ముందు పెట్టమని ఒక్కొక్క మాత్రకూ ఆపే తేదీ చెప్పవచ్చు. బయటి దీవుల నుంచి వచ్చే మధుమేహిని ముందు రోజు మధ్యాహ్నమే చేర్చుకుని, భేది మందు వార్డులోనే తాగించి, మరునాడు ఉదయం మొదటి పరీక్ష అతడికే చేయవచ్చు. సీపాప్ కొనలేనివారికి ఆ రెండు రాత్రులకు యంత్రం అరువివ్వవచ్చు. సూచనలను బెంగాలీ, తమిళం, తెలుగు, నికోబారీ, హిందీ భాషల్లో అచ్చు వేయవచ్చు.

తెలుగు మాట వచ్చింది కనుక తెలుగు రాజకీయుల ప్రస్తావనా తప్పదు. మన్యం తిరుగుబాటు ఖైదీలు సెల్యులార్ జైలుకు వచ్చిన నాటి నుంచి, ఆ తరువాత ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన బెస్తలు, కూలీలు, ఉద్యోగులతో పెరిగి, 2011 నాటికి ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు 50 వేలు దాటారు, జనాభాలో 13 శాతం. 2023 మార్చిలో పోర్ట్ బ్లెయర్ పురపాలక అధ్యక్ష పీఠం తెలుగుదేశం సభ్యురాలికి దక్కినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అభినందనలు హోరెత్తాయి. సముద్రం అవతల జెండా ఎగిరిందని పొంగిపోవడం సహజమే. 2024 జూన్ నుంచి అదే పార్టీ 16 మంది లోక్‌సభ సభ్యులతో కేంద్ర ప్రభుత్వానికి ఊతంగా ఉంది. ఆంధ్ర, తెలంగాణల నుంచి లోక్‌సభకు వెళ్లినవారు మొత్తం 42 మంది. అండమాన్ నుంచి వెళ్లినవాడు ఒక్కడు.

ఆ 42 మందిలో ఏ పార్టీవారైనా సరే, ఒక్కరు వచ్చే సమావేశాల్లో లిఖితపూర్వక ప్రశ్న వేయవచ్చు. అండమాన్ నికోబార్ దీవుల్లో గత మూడేళ్లలో ఎంతమందికి కొలొనోస్కోపీ జరిగింది, ఎంతమందిని అందుకోసం ప్రధాన భూభాగానికి పంపారు? వారిలో మధుమేహులెందరు, మత్తుకు ముందు స్లీప్ ఆప్నియా గురించి ప్రశ్నించినది ఎందరిని? మంజూరైన మత్తు వైద్యుల పోస్టులెన్ని, నిండినవెన్ని? క్యాప్నోగ్రఫీ సదుపాయం ఏ ఏ ఆసుపత్రుల్లో ఉంది? రోగికి ఇచ్చే సూచనల పత్రం ఏ భాషల్లో ఉంది? దాని ప్రతిని సభ ముందు ఉంచగలరా?